"మా బడిలో ఆడపిల్లలే ఎక్కువ కదా!"

బీదర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో, తెలుగు పిల్లలు చదివే ఒక బడి. తల్లిదండ్రుల సమావేశం. ఆడపిల్లల సంఖ్య తగ్గిపోతోందన్న మాట మేము ఎత్తామో లేదో, ముందు వరుసలో కూర్చున్న ఒక తండ్రి నవ్వేశారు. "ఆ లెక్క మా దగ్గర నడవదు సార్. కావాలంటే హాజరు పట్టీ చూడుండ్రి. మా బడిల ఆడపిల్లలే ఎక్కువున్నరు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ప్రధానోపాధ్యాయుడు పట్టీ తెచ్చి చూపించారు కూడా. ఆయన అన్నది అక్షరాలా నిజం.

మరి మగపిల్లలేరి అని అడిగాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక కూర్చున్న ఒక తల్లి చెప్పింది: "మా పోరడు బీదర్‌ల ఇంగ్లీషు మీడియంల చదువుతుండు. పొద్దున బస్సు వస్తది. బిడ్డ ఈడికి వస్తది." ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు చెప్పుకొచ్చారు. దాదాపు అందరి ఇంట్లోనూ అదే వరుస. అబ్బాయికి ఫీజు, బస్సు, బూట్లు. అమ్మాయికి ఊళ్లో బడి, మధ్యాహ్న భోజనం, అమ్మమాట.

ఇది బీదర్ ఒక్కదాని కథ కాదు. గ్రామీణ ప్రాంతాల్లో ప్రైవేటు బడుల్లో మగపిల్లల వాటా, సర్కారు బడుల్లో ఆడపిల్లల వాటా ఎక్కువగా ఉంటోందని 'అసర్' సర్వేలు చెబుతూనే ఉన్నాయి. అల్పసంఖ్యాక భాషల బడులకు ఇందులో ఒక అదనపు చిక్కు ఉంది. మాతృభాషలో చదువంటే 'ఖర్చు లేని చదువు' అన్న అర్థం స్థిరపడిపోయిన చోట ఆ బడి ఆడపిల్లల బడి అయిపోతుంది. దాంతో పట్టీ మనల్ని మోసం చేస్తుంది. ఊళ్లో ఆడపిల్లలు తగ్గుతున్నా, తరగతి గదిలో పెరుగుతున్నట్టే కనిపిస్తుంది. కొడుకు మీద ఎక్కువ మక్కువ ఉన్న ఇంట్లోనే ఈ రెండూ జరుగుతాయి. పుట్టకముందు ఒక రకంగా, పుట్టాక ఇంకో రకంగా.

కాబట్టి పట్టీని పక్కన పెట్టి జనగణన పుస్తకం తెరుద్దాం.

ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి 1000 మంది మగపిల్లలకు ఎందరు ఆడపిల్లలున్నారన్నది చూడవలసిన అంకె. దేశం మొత్తంమీద 1991లో అది 945. 2001లో 927. 2011లో 919. కర్ణాటకలో ఇదే వరుసలో 960, 946, 948. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 975, 961, 939. తెలుగువాళ్లం ఈ మూడో వరుసను ఇంకోసారి చదువుకోవాలి. ఉత్తరాది జబ్బు అని మనం చాలాకాలం చెప్పుకున్నది ఇరవై ఏళ్లలో మన ముంగిట్లోకి వచ్చేసింది. బీదర్ జిల్లాలో అన్ని వయసులవారినీ కలిపి చూస్తే 2001లో 1000 మంది పురుషులకు 949 మంది స్త్రీలుండగా 2011లో 956 మంది ఉన్నారు. చిన్నపిల్లల్లో మాత్రం అంకె 940 దగ్గరే కదలకుండా నిలబడింది.

'940 అంటే పెద్ద తేడా ఏముంది, ప్రకృతిలోనే మగపిల్లలు కాస్త ఎక్కువ పుడతారు కదా' అని ఒక సైన్సు ఉపాధ్యాయుడు అడిగారు. సరైన ప్రశ్నే. ఎవరూ వేలు పెట్టకపోతే 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు. అంటే 1000కి 950 దాకా సహజమే. అయితే సగటు చాలా దాచిపెడుతుంది. 2011లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దేశంలోని కుటుంబాలను కాన్పుల వరుసలో చూసింది. మొదటి బిడ్డ కొడుకైన ఇళ్లలో రెండో కాన్పులో తేడా ఏమీ లేదు. మొదటి బిడ్డ కూతురైన ఇళ్లలో మాత్రం రెండో కాన్పులో 1000 మంది అబ్బాయిలకు అమ్మాయిలు 1990లో 906 మంది, 2005 నాటికి 836 మంది. ఈ తగ్గుదల పదో తరగతి దాటి చదివిన తల్లుల్లోను, కలిగిన ఇళ్లలోను ఎక్కువ. 'చదువుకుంటే పోతుంది' అని సభల్లో అంటుంటాం. ఈ విషయంలో చదువు ఒక్కటే పని చేయలేదు. కొన్నిచోట్ల స్కానింగ్ సెంటరు దారి చూపింది కూడా.

తెలుగు కుటుంబాల సంగతిలో బీదర్‌కు ఒక ప్రత్యేకత ఉంది. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు ఈ జిల్లా కూడా మూడు ముక్కలైంది. ఉద్గిర్, అహ్మద్‌పూర్, నీలంగ వైపు మరాఠీ ప్రాంతాలు బొంబాయి రాష్ట్రానికి, నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు తెలుగు ప్రాంతాలు మెదక్‌కు వెళ్లాయి. మిగిలింది మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత గీశారు గానీ చుట్టరికాలు గీత దాటే ఉన్నాయి. పెళ్లిళ్లు జహీరాబాద్‌లో, బంగారం హైదరాబాద్‌లో, పెద్ద ఆసుపత్రి కూడా హైదరాబాద్‌లోనే. సుమారు 140 కిలోమీటర్లు, పొద్దున పోతే రాత్రికి వచ్చేయొచ్చు. కడుపుతో ఉన్న కోడలిని 'చెకప్' కోసం అంత దూరం తీసుకెళ్లినా ఊళ్లో ఎవరికీ అనుమానం రాదు. నిజంగా చెకప్పే అయితే మంచిదే.

గీతకు అటువైపు పరిస్థితీ గొప్పగా లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అంతకుముందు ఐదేళ్లలో పుట్టిన పిల్లల్లో తెలంగాణలో 1000 మంది అబ్బాయిలకు 894 మందే అమ్మాయిలు. ఆంధ్రప్రదేశ్‌లో 934. కర్ణాటకలో 978. అయిదేళ్ల కిందటి సర్వేలో కర్ణాటకది 910. నమూనా సర్వేలో అంకెలు ఊగుతాయి కాబట్టి ఇదంతా మార్పేనని సంబరపడనవసరం లేదు.

హైదరాబాద్‌లో ఒకప్పుడు గట్టిగా పట్టుకున్న సందర్భమూ ఉంది. 2004 ప్రాంతంలో అక్కడ కలెక్టర్‌గా ఉన్న అరవింద్ కుమార్ స్కానింగ్ కేంద్రాల కాగితాలు తిరగేయించారు. చట్టం ప్రకారం ప్రతి గర్భిణి స్కానింగ్‌కూ 'ఫారం ఎఫ్' నింపాలి. ఎవరు పంపారు, ఎందుకు చేశారు, ఇంతకుముందు ఎందరు పిల్లలు, వారిలో ఆడ ఎందరు, మగ ఎందరు అన్నవన్నీ అందులో ఉండాలి. ఆ కాగితాలు సరిగా లేని కేంద్రాలకు నోటీసులు వెళ్లాయి, యంత్రాలకు సీళ్లు పడ్డాయి. దొంగను పట్టుకోవడానికి పెద్ద కూపీ లాగనక్కర్లేదు, లెక్కల పుస్తకం అడిగితే చాలని ఆ పని చూపించింది. అయితే ఇలాంటివి ఒక అధికారి బదిలీతో చల్లారిపోతుంటాయి. అదే మన బాధ.

చట్టం మాట వచ్చింది కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకుందాం. సమావేశంలో ఎక్కువ ప్రశ్నలు దీని మీదే వచ్చాయి.

ఈ పరీక్షలను మొదట అరికట్టిన రాష్ట్రం మన పక్కనున్న మహారాష్ట్రే, 1988లో. దేశమంతటికీ చట్టం 1994లో వచ్చింది, 1996 జనవరి 1 నుంచి అమలైంది. అమలు కాగితాల మీదే ఉందని సెహత్, మాసుమ్ సంస్థలు, డాక్టర్ సాబు జార్జ్ 2000లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టు మందలించాక 2003లో చట్టాన్ని సవరించి, గర్భం రాకముందే ఆడా మగా ఎంచుకునే పద్ధతులనూ దాని కిందికి తెచ్చారు. ఇప్పుడు కడుపులో బిడ్డ ఆడో మగో మాటతో గాని, సైగతో గాని, మరే విధంగా గాని చెప్పడం నేరం. 'సైగ' అన్న మాట ఊరికే పెట్టలేదు. లడ్డూ తినండి అంటే ఒకటి, జిలేబీ తినండి అంటే ఇంకొకటి. సోమవారం రమ్మంటే ఒకటి, శుక్రవారం రమ్మంటే ఇంకొకటి. ఇలాంటి గుర్తులు దేశంలో చాలాచోట్ల బయటపడ్డాయి. తొలి నేరానికి వైద్యునికైతే మూడేళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా. పరీక్ష చేయించమని వెళ్లిన భర్తకో బంధువుకో మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా.

ఆ తల్లికి? ఇక్కడే గది నిశ్శబ్దమైంది. 'దొరికితే పిల్లనే లోపలేస్తరు కదా సార్' అన్న భయం చాలామందిలో ఉంది. కాదు. బలవంతం మీద వెళ్లిన గర్భిణికి ఈ శిక్ష వర్తించదు. పైగా, కాదని రుజువయ్యేదాకా భర్తో బంధువులో ఆమెను బలవంతం చేశారనే కోర్టు భావించాలని చట్టంలోనే రాసి ఉంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది ఆడవాళ్లు నోరు మూసుకున్నారో.

ఇంకో భయాన్ని కూడా తీసేయాలి. ప్రచారకులు ఆవేశంలో 'గర్భస్రావం హత్య' అని గోడల మీద రాస్తుంటారు. ఆ రాత చూసి, నిజంగా అవసరమున్న స్త్రీ ఆసుపత్రికి వెళ్లడానికి జంకుతుంది, మంత్రసాని దగ్గరకో మందుల షాపుకో పోతుంది. చట్టం చెప్పిన కారణాలకు, చట్టం చెప్పిన గడువులో గర్భం తీయించుకునే హక్కు 1971 చట్టం నుంచి ఉంది. 2021లో దాన్ని కొంత విస్తరించారు కూడా. స్కానింగ్ కూడా నేరం కాదు. బిడ్డ ఎదుగుదల, లోపాలు తెలుసుకోవడానికి అది తప్పనిసరి. నేరం ఒక్కటే: ఆడో మగో తెలుసుకోవడం, ఆడని తీయించడం. బడిలో ఈ మాట చెప్పే ఉపాధ్యాయులు ఈ తేడాను జారవిడవకూడదని మా మనవి.

కొడుకు కోసం ఆరాటం ఎంత దూరం పోతుందో చూడాలంటే ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. 2023 చివర్లో బెంగళూరు పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. వాళ్లు స్కానింగ్ చేసింది ఆసుపత్రిలో కాదు, మండ్య జిల్లాలో చెరకు గానుగ పక్కన, బెల్లం వండే చోట. రెండు మూడేళ్లలో దాదాపు 900 గర్భస్రావాలు జరిగి ఉంటాయని పోలీసులు చెప్పారు. అదే ఏడాది ఫిబ్రవరిలో అదే మండ్య నుంచి పెళ్లికాని రైతుబిడ్డలు కొందరు పిల్ల దొరకాలని మలె మహదేశ్వర కొండకు కాలినడకన మొక్కు తీర్చుకోబోయారు. దేవుడు ఎవరికి జవాబు చెప్పాలో మాకు తెలియదు.

ఇటువైపు లాతూరు దాటితే బీడ్ జిల్లా. అక్కడ 2011లో చిన్నపిల్లల అంకె 807. చెరకు నరకడానికి వలసపోయే కుటుంబాలు, బావి కింద నాలుగెకరాలున్న కుటుంబాలు, రెండు రకాలవాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు.

'అమ్మాయిల్ని చంపుకుంటే రేపు మన అబ్బాయిలకు పెళ్లాలు దొరకరు' అన్నది ప్రచారంలో అందరికీ ఇష్టమైన మాట. మాకు నచ్చదు. ఆడపిల్ల బతకడానికి ఆమె ఎవరికో భార్య కావలసి ఉండటమే కారణమా? ఆ వాదం ఎక్కడికి పోతుందో కూడా చూశాం. పిల్ల దొరకని ప్రాంతాలకు పేద రాష్ట్రాల నుంచి అమ్మాయిలను కొనుక్కొచ్చే వ్యాపారం నడుస్తోంది.

మన భాషకూ ఇందులో పాలుంది. ఆడపిల్ల 'ఆడ'పిల్లే గానీ 'ఈడ'పిల్ల కాదని మనవాళ్లు చమత్కరిస్తారు. పెళ్లయి పోయేది కాబట్టి అక్కడిదే అని. కాళ్లకు దండం పెట్టిన కొత్త కోడలిని 'పండంటి కొడుకును కను' అంటాం. కూతురు పుడితే 'లక్ష్మి పుట్టిందిలే' అంటాం. ఆ 'లే'లో ఉన్న ఓదార్పు పిల్లలకు అర్థం కాదనుకుంటాం. మరాఠీవారిలో, వరుసగా కూతుళ్లే పుడితే చివరిదానికి 'నకుశా' అని, అంటే 'వద్దనుకున్నది' అని పేరు పెట్టేవారు. 2011 అక్టోబరులో సతారాలో జిల్లా అధికారులు సభ పెట్టి అలాంటి 285 మంది అమ్మాయిలకు వాళ్లు కోరుకున్న కొత్త పేర్లు పెట్టారు. మన పిల్లల పేర్లలో అంత కరుకుదనం లేకపోవచ్చు. వరుస మాత్రం ఉంటుంది. ఇంట్లో ముగ్గురక్కలు, చివరన ఒక తమ్ముడు. కొడుకు పుట్టేదాకా కాన్పులు ఆపని ఇళ్లలో ఇలా అనుకోకుండా పుట్టి, చాలీచాలని తిండితో, చదువుతో పెరుగుతున్న ఆడపిల్లలు 2 కోట్లకు పైగా ఉంటారని 2017-18 కేంద్ర ఆర్థిక సర్వే లెక్కగట్టింది. వాళ్లే మన బడి పట్టీలో ఎక్కువగా కనిపిస్తున్నది.

ఆస్తి సంగతి ఎత్తితే మగవాళ్లు గడియారం చూసుకున్నారు. అయినా చెప్పాం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కును ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ నుంచి, కర్ణాటక 1994 నుంచి ఇచ్చాయి. దేశమంతటికీ 2005లో వచ్చింది. కాగితం మీద బీదర్ తెలుగు అమ్మాయికి ముప్ఫై ఏళ్లుగా వాటా ఉంది. ఊళ్లో జరిగేది వేరు. పసుపు కుంకుమ కింద చీర పెట్టి, హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించుకుంటారు. పొలం కొడుకుదైనంతకాలం కొడుకు కావాలనే కోరిక పోదు.

మరి పోయిన చోటు లేదా? ఉంది. దక్షిణ కొరియాలో 1990లో 100 మంది అమ్మాయిలకు 116 మందికి పైగా అబ్బాయిలు పుట్టేవారు. మనకంటే అన్యాయం. అక్కడ స్కానింగ్‌లో చెప్పకూడదన్న చట్టం 1987లోనే ఉంది. దాంతోపాటు ఆడవాళ్లు ఉద్యోగాల్లోకి వచ్చారు, తండ్రి తర్వాత ఇంటి పెద్ద కొడుకే అనే కుటుంబ చట్టాన్ని 2008కల్లా రద్దు చేశారు, ముసలితనానికి పింఛన్లు వచ్చాయి. 2007 నాటికి పుట్టుకల లెక్క సహజ స్థితికి తిరిగొచ్చింది. అవసరం తీరిపోయిందని 2024లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్నే కొట్టేసింది.

బడి ఏం చేయగలదన్నది మిగిలింది. పెద్ద పనులు చెప్పం. ఏడో తరగతి లెక్కల్లో నిష్పత్తి పాఠం ఉంది. మామిడిపళ్లూ అరటిపళ్లూ బదులు జనగణన అంకెలివ్వండి. పదో తరగతి జీవశాస్త్రంలో క్రోమోజోముల పాఠం ఉంది. తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్, వై ఇవ్వగలిగేది తండ్రి ఒక్కడే. ఆడపిల్లను కన్నదని కోడలిని తిట్టే ఇంట్లో ఈ వాక్యాన్ని పదో తరగతి పిల్ల ఒకసారి గట్టిగా చదివితే చాలు. ఒక్క జాగ్రత్త: 'మీ ఇంట్లో ఎందరు ఆడ, ఎందరు మగ' అని తరగతిలో నిలబెట్టి అడగొద్దు. ముప్ఫై మంది పిల్లల లెక్కతో ఏదీ రుజువు కాదు సరికదా, నాలుగో కూతురై పుట్టిన పిల్ల ఆ రోజు తలెత్తదు. ఎలాగూ వచ్చే జనగణనకు 2027 మార్చి 1 ప్రాతిపదిక. ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసేవారిలో చాలామంది మన టీచర్లే. పొత్తిళ్లలో ఉన్న ఆడబిడ్డను 'రాసుకోకపోయినా ఏం కాదు' అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ పేరు వదలకండి.

ఇంకొకటి ప్రత్యేకంగా మన భాషకు సంబంధించింది. ప్రతి స్కానింగ్ కేంద్రంలో 'ఇక్కడ పిండం లింగ నిర్ధారణ చేయబడదు, అది నేరం' అని బోర్డు ఉండాలి. ఇంగ్లీషులోను, స్థానిక భాషలోను ఉండాలని నియమం. చట్టం ప్రతి ఒకటి కేంద్రంలో ఉంచాలి, అడిగినవారికి చూపాలి. బీదర్‌లో మేము చూసిన బోర్డులు కన్నడ, ఇంగ్లీషుల్లో ఉన్నాయి. అది నిబంధన ప్రకారం సరిపోతుంది. కానీ సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చే తెలుగు తల్లికి ఆ రెండూ రావు. ఆమెకు వచ్చినవాళ్లు, అంటే అత్తో భర్తో, చదివి చెప్పరు. ఆ బోర్డు తెలుగులో బడి గోడ మీదైనా ఉండాలి. ఎవరికి ఫిర్యాదు చేయాలన్నదీ ఉండాలి. ఫిర్యాదు జిల్లా ఆరోగ్య అధికారి కార్యాలయం ద్వారా జిల్లాలోని సంబంధిత అధికార సంస్థకు వెళ్తుంది. వారు కదలకపోతే, 15 రోజుల నోటీసిచ్చి ఎవరైనా నేరుగా కోర్టుకు వెళ్లొచ్చు.

ఆ మాట పట్టుకుని అదే రోజు సమావేశం అయ్యాక ప్రధానోపాధ్యాయుడు ఒక చార్టు తెప్పించారు. స్కెచ్‌పెన్నుతో 'గర్భస్థ పిండ లింగ నిర్ధారణ' అని రాస్తుంటే, ఇందాకటి వెనక వరుస తల్లి చదవబోయి ఆగిపోయింది. ఇది ఎవరికి సమజైతది పంతులూ అంది. చార్టు తిప్పి రెండో వైపు రాశారు, ఆమె చెప్పినట్టే: కడుపుల ఉన్నది ఆడో మగో చెప్పుడు నేరం. చెప్పమని అడుగుడు నేరం. ఆయన పెన్ను మూత పెట్టబోతుంటే ఆమె ఇంకో వాక్యం రాయించింది. అడగమని కోడలిని గుంజుకపోవుడు కూడ.